పదునెనిమిదవ శతాబ్దము: కదురు, కాగితము, మనుష్యుడు

(ఒక పఠనాలయ వార్షిక సభయందు, న్యాయవాదియు స్వచ్ఛంద సేవకుడునగు నొకరు చేసిన యుపన్యాసము)



ఈ పఠనాలయ కార్యదర్శిగారు నన్ను పదునెనిమిదవ శతాబ్దమునుగూర్చి మాటలాడుమని కోరినప్పుడు నేను కొంత సందేహించితిని. నూఱు సంవత్సరముల చరిత్రను గంటసేపటిలో జెప్పబూనుట చెఱువును చెంబున బట్టజూచుట వంటిది. రాజుల పేరులు, యుద్ధముల తేదీలు, యంత్రముల వివరములు మీ బీరువాలలోని పుస్తకములందే కలవు. వానిని మరల నప్పగించుటకై మిమ్ము నింతసేపు గూర్చుండబెట్టుట న్యాయము గాదు. నేను చరిత్రకారుడను గాను. ఇరువదేండ్లుగా న్యాయస్థానములలో దస్తావేజులు చదివి జీవించువాడను. కాబట్టి ఆ శతాబ్దమును గూడ నొక దస్తావేజుల కట్టగా నెంచి, అందలి కొన్ని కాగితములను విప్పి మీ యెదుట నుంచెదను.

ముందుగా నా యనుభవ మొకటి మనవి చేసెదను. నేను వృత్తిలో బ్రవేశించిన క్రొత్తలో వృద్ధుడగు చేనేత పనివా డొకడు నా యొద్దకు వచ్చెను. కూతురి పెండ్లికై యొక వడ్డీవ్యాపారి యొద్ద అప్పు దీసికొని, ఇల్లు తాకట్టు పెట్టుచున్నానను నమ్మకముతో నతడు కాగితముపై వ్రేలిముద్ర వేసియుండెను. అది తాకట్టు కాదు, శుద్ధ విక్రయపత్రము. "బాబయ్యా, నూలుపోగు వేళ్ళమధ్యన పెట్టి నలిపితే అది ఎన్నో నెంబరో చెప్పగలను. ఈ కాయితం మాత్రం నాతో మాట్టాడదు" అని యతడన్న మాట నా చెవులలో నేటికిని వినబడుచున్నది. వ్యాజ్యము వేసితిమి, ఓడిపోయితిమి. కాగితము స్పష్టముగా నుండెను, వ్రేలిముద్ర యతనిదే. అతడు కూతురింట జేరి, పరుల మగ్గముపై గూలికి నేసి కాలము వెళ్ళబుచ్చెను.

నాటినుండి ఏ పత్రమును జదివినను మూడు ప్రశ్నలు వేసికొనుట నాకు అలవాటైనది. దీనిని వ్రాసినవా డెవడు? దీనివలన లాభము పొందువా డెవడు? దీనిలో దన పేరు లేకయే దీనికి గట్టుబడువా డెవడు? పదునెనిమిదవ శతాబ్దము గొప్ప కాగితములు వ్రాసిన శతాబ్దము. పేటెంటులు, సనదులు, స్వాతంత్ర్య ప్రకటనలు, హక్కుల ప్రకటనలు, రాజ్యాంగములు అన్నియు నందు వెలువడినవి. వీనికి నా మూడవ ప్రశ్నను వేసి చూతము.

మొదట కదురును జూతము. ఆ శతాబ్దారంభమున ఇంగ్లండులోను, మన తీరమునను ఒక మనిషికి ఒక కదురు అనునదే లెక్క. 1733లో జాన్ కే యను నతడు నాడెను త్రాటితో లాగి పడుగు నడుమ నిటునటు పరుగెత్తించు నుపాయమును గనిపెట్టెను. నేత వేగము హెచ్చెను, నూలు చాలకపోయెను. ఈ కొఱతయే తర్వాతి యంత్రములకు దల్లి. 1764 ప్రాంతమున జేమ్సు హార్‌గ్రీవ్సు అను నేతగాడు ఒక చక్రమును ద్రిప్పి ఎనిమిది కదురులను నడపు యంత్రమును జేసెను. దాని నూలు పేకకు బనికివచ్చెనుగాని పడుగు బిగువునకు నిలువలేదు. 1769లో రిచ్చర్డు ఆర్క్‌రైటు పేటెంటు పొందిన యంత్రము నీటి బలముచే నడచి, పడుగునకు దగిన గట్టి నూలు దీసెను. 1779లో శామ్యూలు క్రాంప్టను ఈ రెంటి గుణములను ఒక్కచోట జేర్చి, సన్ననిదియు గట్టిదియునగు నూలును సాధించెను.

ఈ మువ్వురి గతులును గమనింపదగినవి. హార్‌గ్రీవ్సు యంత్రములను, తమ కూడు పోవునని భయపడిన యిరుగుపొరుగువారు 1768లో పగులగొట్టిరి. అతడు ఊరు విడిచిపోయెను. క్రాంప్టను పేటెంటు పొందలేదు. అతని యంత్రముతో నితరులు ధనవంతులైరి. 1812లో పార్లమెంటు అతనికి 5,000 పౌనులిచ్చి సరిపెట్టెను. మంగలిపని చేసి, పెట్టుడుజుట్టు టోపీల వర్తకము చేసిన ఆర్క్‌రైటు మాత్రము క్రాంఫర్డునందు 1771లో మిల్లు స్థాపించి కోటీశ్వరుడయ్యెను. ఇందలి యూహలు అతని స్వంతము గావని 1785లో న్యాయస్థానమున దేలి పేటెంటులు రద్దయ్యెను. మఱుసటి యేడు రాజుగారతనికి బిరుదమిచ్చిరి! ఆ మిల్లులలో నూలు అతుకుటకు బసిబిడ్డలను బెట్టిరి. పేటెంటు కాగితమున ఆ బిడ్డల ప్రసక్తి యెక్కడను లేదు.

ఇక ఆవిరియంత్రము. జేమ్సు వాటు టీకెటిలు మూతను జూచి దానిని గనిపెట్టెనని బాలురకు జెప్పుదురు. అది కథ. గనులలోని నీటిని దోడుటకు న్యూకొమెను చేసిన యావిరియంత్రము 1712నుండియే యుండెను. గ్లాస్గో విశ్వవిద్యాలయమున పరికరములు చేయు వాటు చేతికి, 1763-64 శీతకాలమున, ఆ యంత్రపు నమూనా యొకటి మరమ్మతునకు వచ్చెను. ఒకే గొట్టమును మాటిమాటికి గాచుట, చల్లార్చుట జరుగుటవలన బొగ్గు వృథా యగుచున్నదని యతడు గ్రహించెను. ఆవిరిని వేఱొక పాత్రలోనికి బంపి యచ్చట చల్లార్చిన జాలునను నూహ 1765లో దట్టెను. 1769లో పేటెంటు వచ్చెను. పెట్టుబడిదారుడగు బోల్టనుతో గూడి దానిని విక్రయింప మొదలుపెట్టెను. 1785లో నాటింగ్‌హాము సీమయందలి పాపిల్‌విక్ మిల్లులో ఆవిరి ప్రత్తికదురులను ద్రిప్పెను. ఏటియొడ్డున నుండవలసిన మిల్లు, నాటినుండి బొగ్గున్న ప్రతి పట్టణమునకు బోగలిగెను.

"ఆంగ్లేయుని యంత్రము మన మగ్గమును జంపెను" అని మనలో బలువురు చెప్పుకొందురు. అందు నిజము కలదు. కాని నిజమంతయు నది గాదు. యంత్రముకంటె ముందు చట్టము వచ్చినది. మన బందరు తీరపు అద్దకపు గుడ్డలు, చీటీలు ఐరోపాలో నెంతటి మోజు కలిగించెననగా, అచ్చటి ఉన్ని, పట్టు నేతగాండ్రు గగ్గోలు పెట్టిరి. 1700లో ఇంగ్లండు పార్లమెంటు తూర్పుదేశపు అద్దకపు గుడ్డలను దేశమున ధరించుటకై దిగుమతి చేసికొనరాదని శాసించెను. 1721లో అద్దకపు నూలుగుడ్డలను దొడుగుటయే నిషిద్ధమయ్యెను. ఈ నిషేధమును 1774లో, అనగా తమ మిల్లులలో దగిన నూలు సిద్ధమైన పిమ్మట, తొలగించిరి. హార్‌గ్రీవ్సు చేయి కదురుపై బడుటకు ముందు అఱువదేండ్లు ఆ పరిశ్రమకు చట్టమను కంచె కావలి కాచినది. 1813లో కుంఫిణీవారి హిందూదేశ వర్తకపు గుత్తాధికారము తొలగగా మిల్లుగుడ్డ మన రేవులలోనికి ధారాళముగ వచ్చెను. అప్పుడు మన నేతగానికి గంచె కట్టువాడు లేడు. ఏలయనగా చట్టము వ్రాయు చేయి మనది గాదు.

ఆ మిల్లుల కాకలి తీర్పవలసిన ప్రత్తి యెచ్చటనుండి వచ్చెను? 1793లో అమెరికాలో ఎలీ విట్నీ యనునతడు ప్రత్తినుండి గింజలను వేఱుచేయు యంత్రమును జేసెను. శ్రమ తగ్గించు యంత్రము వచ్చినచో బానిసత్వము సన్నగిల్లునని యెవ్వరైనను దలంతురు. జరిగినది విపరీతము. ప్రత్తి లాభసాటి కాగా దానిని బండించు చేతులు మఱింత కావలసివచ్చెను. 1790 జనాభా లెక్కలలో అమెరికాలో సుమారు 7 లక్షలున్న బానిసలు 1860 నాటికి సుమారు 40 లక్షలైరి. యంత్రమునకు దనంత దయయు లేదు, క్రౌర్యమును లేదు. అది యెవరి పెరటిలో నుండునో వారి యిచ్చను నెఱవేర్చును.

విద్యయంతయు నా శతాబ్దమున పడమటనే పుట్టెనని భ్రమపడరాదు. మైసూరు సేనలు ఇనుపగొట్టములలో మందు దట్టించి వదలిన రాకెట్లు కుంఫిణీ పటాలములను దిగ్భ్రమ చెందించినవి. 1799 మే 4వ తేదీన శ్రీరంగపట్టణము గూలి టిప్పుసుల్తాను మరణించిన పిదప, ఆ రాకెట్లను ఇంగ్లండునకు గొనిపోయి, పరీక్షించి, విలియం కాంగ్రీవు తన రాకెట్లను దయారు చేసెను. మన సామర్లకోటయందు 1781నుండి పనిచేసిన వైద్యుడు విలియం రాక్స్‌బరో ఈ తీరపు చెట్టుచేమలను శ్రద్ధగా బరిశీలించి వ్రాసిన గ్రంథము 1795నుండి లండనులో నచ్చయ్యెను. అందలి చక్కని బొమ్మలను వ్రాసినవారు మన దేశపు చిత్రకారులు. రాక్స్‌బరో పేరు లోకమెఱుగును. ఆ చిత్రకారుల పేరులు గ్రంథమున లేవు. ఇదియు నా మూడవ ప్రశ్నకు జిక్కినదే.

ఇక రాజకీయపు గాగితములు. వీనిలో మొదటిది మన యింటిదే. 1753లో నైజాము సలాబతుజంగు ఉత్తర సర్కారులను పరాసు సేనల జీతములకై బుస్సీ కప్పగించెను. 1757 జనవరిలో విజయనగర ప్రభువు బుస్సీ ఫిరంగుల నండగొని బొబ్బిలిపైకి బోయెను. కోట నేలమట్టమయ్యెను. తాండ్ర పాపారాయని చేత విజయరామరాజు హతుడయ్యెను. ఆయన తర్వాత వచ్చిన ఆనందగజపతి పరాసులపై గినిసి ఆంగ్లేయులను బిలిచెను. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధమున, 1759 ఏప్రిలులో బందరుకోట ముట్టడిలో పరాసులు నశించిరి, ఆంగ్లేయులు నిలిచిరి. పొరుగువానిపై బగదీర్చుకొనుటకు బరదేశీయుని బిలువగా, రెండు సంస్థానములలో నేది గెలిచెను? గెలిచినవాడు మూడవవాడు. ఆ వీరగాథను బాడుకొనునపుడు మనకు రోమాంచము కలుగును, కలుగవలసినదే. కాని ఈ లెక్కనుగూడ జెప్పుకొనవలెను.

1765లో ఢిల్లీ చక్రవర్తి షా ఆలము, తన చేతిలో నధికారమే లేని దినములలో, వంగ, బీహారు, ఒడిస్సాల దివానీని కుంఫిణీకి వ్రాసియిచ్చెను. ఉత్తర సర్కారులకును సనదిచ్చెను. నైజామునకు దెలియకయే యాతని సీమ పోయినది. 1766లో నైజాముతో సంధి కుదిరెను, 1768లో మరల స్థిరపడెను. ఏటేట కొంత సొమ్మునకు ఆయన యొప్పుకొనెను. గుంటూరు మాత్రము 1788లో జేరెను. చికాకోలునుండి గుంటూరు వఱకు గల తెలుగునేల ఈ విధముగా జేతులు మారెను. అందు నివసించు రైతునుగాని, సాలెవానినిగాని, బెస్తవానినిగాని యెవ్వరును అడుగలేదు. నా వృద్ధ కక్షిదారునకు వ్రేలిముద్ర వేయు గౌరవమైనను దక్కెను. వీరి కదియును లేదు.

ఆ దివానీ ఫలమేమి? వంగదేశమున 1769-70లో ఘోరక్షామము వచ్చెను. జనములో మూడవవంతు నశించెనని వారన్ హేస్టింగ్సే 1772లో నంచనా వేసెను. ఇంత దోచియు గుంఫిణీ యప్పులపాలై, 1773లో 14 లక్షల పౌనుల ఋణమునకై పార్లమెంటు ద్వారమున నిలిచెను. దాని గిడ్డంగులలో మూలుగుచున్న తేయాకును అమెరికాలో నమ్ముకొనుటకు పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసెను. ఆ యేడు డిసెంబరు 16వ తేదీ రాత్రి బోస్టను పౌరులు ఓడలనెక్కి 342 పెట్టెల తేయాకును సముద్రమున బారబోసిరి. ఒకే వర్తకసంఘము, ఒకవైపు వంగదేశపు శవములు, ఇంకొకవైపు అమెరికా స్వాతంత్ర్యము. చరిత్రలో దేశముల నడుమ గోడలు లేవనుటకు ఇంతకంటె సాక్ష్య మేమి కావలెను?

1776 జూలై 4వ తేదీన అమెరికా స్వాతంత్ర్య ప్రకటన వెలువడెను. మనుష్యులందఱు సమానులుగా సృజింపబడిరనియు, పాలితుల సమ్మతియే ప్రభుత్వమునకు మూలమనియు నది చాటెను. రాజుల దైవదత్తాధికారమును నమ్ముచున్న లోకమున నిది పిడుగు. దానిని వ్రాసిన జెఫర్సనునకు నప్పటికి 33 ఏండ్లు. ఆయన తన జీవితకాలమున 600కు మించిన బానిసలకు యజమాని. బానిసవర్తకమును నిందించుచు నాయన చిత్తుప్రతిలో వ్రాసిన భాగమును మహాసభ కొట్టివేసెను. 1787 రాజ్యాంగమున నింకను వింత కలదు. ప్రతినిధుల సంఖ్యను లెక్కించుటకు బానిసలను ఐదింట మూడు పాళ్లుగా లెక్కపెట్టిరి. కాని ఆ పత్రమున "బానిస" యను పదమునే వాడలేదు, "ఇతర వ్యక్తులు" అనిరి. దస్తావేజులు వ్రాయువారి కీ చాతుర్యము తెలియును. సిగ్గుపడిన చోట కలము పేరు చెప్పదు.

ఆ యుద్ధమున యార్క్‌టౌనువద్ద 1781లో నమెరికనులకు లొంగిపోయిన సేనాని కారన్‌వాలీసు. ఐదేండ్లకు ఆయనయే మనకు గవర్నరు జనరలై వచ్చెను. 1793లో వంగదేశమున శాశ్వత పైసలా చేసెను. 1802నుండి అదియే మన ఉత్తర సర్కారులలో బ్రవేశించి, జమీందారును భూస్వామిగను, దున్నువానిని వాని దయకు వదలిన వానినిగను జేసెను. ఆ కాగితపు ముడి విప్పుటకు 1948 నాటి మదరాసు ఎస్టేట్ల రద్దు చట్టము వఱకు మనము వేచియుండవలసివచ్చెను. ఒక్క సంతకము; నూటనలువదియాఱేండ్లు.

1789 ఆగస్టు 26వ తేదీన ఫ్రాన్సు జాతీయసభ 17 అధికరణములుగల మానవ హక్కుల ప్రకటనను ఆమోదించెను. మానవులు స్వతంత్రులుగ, హక్కులలో సమానులుగ జన్మింతురని యందు మొదటి మాట. మానవు డనగా నెవడు? ఒలింప్ దె గూజ్ అను స్త్రీ 1791లో, మానవుడను చోట స్త్రీని జేర్చి వేఱొక ప్రకటన వ్రాసెను. 1793 నవంబరులో విప్లవ ప్రభుత్వము ఆమె శిరస్సును ఖండించెను. ఫ్రాన్సు స్త్రీలకు వోటు 1944లో గాని రాలేదు. అట్లే సేంటుడొమింగు ద్వీపమున ఫ్రాన్సునకు బంచదార పండించు నీగ్రో బానిసలు సుమారు 5 లక్షలుండిరి. ప్రకటన వ్రాసినవారు వారిని దలపలేదు.

కాని, మహాజనులారా, ఇచ్చటనే నా యుపన్యాసపు కీలకము గలదు. తమ పేరు లేని యా కాగితమును ఆ బానిసలు వినిరి. 1791 ఆగస్టులో దిరుగబడిరి. వారిలో నుండి తూసాన్ లూవెర్త్యూర్ అను మహానాయకుడు లేచెను. పుట్టుకచే బానిస, సేనానియై ఐరోపా సైన్యముల నెదిరించెను. 1794లో పారిసు సభ బానిసత్వమును రద్దుచేసెను. 1802లో నెపోలియను దానిని మరల స్థాపింప సేనలను బంపి, తూసానును వంచనచే బట్టించి, ఫ్రాన్సు కొండలలోని చలికోటలో బెట్టించెను. 1803 ఏప్రిలులో నా వీరు డచ్చటనే కన్నుమూసెను. ఆతడు పోయినను పని యాగలేదు. 1804 జనవరి 1వ తేదీన హైతీ స్వతంత్రమయ్యెను. 1825లో ఫ్రాన్సు ఆ చిన్నదేశము నొద్ద 15 కోట్ల ఫ్రాంకుల పరిహారము గోరెను. విడుదలైన బానిస తనకు దానే వెల చెల్లించుకొనవలెనట! ఇంగ్లండులోను 1833లో బానిసలను విడిపించినపుడు రెండుకోట్ల పౌనుల పరిహారము యజమానులకే ముట్టెను. బానిసకు దమ్మిడీ లేదు.

"అట్లైన ఆ ప్రకటనలన్నియు గపటములే గదా, మన కవి యేల?" అని ఒక యువకుడు మొన్న నన్నడిగెను. నేను కాదంటిని. కపటి వ్రాసినను కాగితమునందు సత్య మున్నయెడల ఆ సత్యము వ్రాసినవాని యాస్తి గాదు. ఆ గడియ దాటిన పిమ్మట చదివినవాని యాస్తి. జెఫర్సను తన బానిసలను దలపకున్నను, ఆ మాటలనే చేతబట్టి యా బానిసల సంతతి న్యాయము నడిగెను. 1772లో లార్డు మాన్స్‌ఫీల్డు తీర్పు సోమర్సెట్టను నొక్క మనిషిని ఇంగ్లండునుండి బలవంతముగ గొనిపోరాదని మాత్రమే చెప్పెను. దానినుండియే పెక్కుమంది విడుదలకు దారి దీసికొనిరి. వ్రాసినవాడు ద్వారమును జానెడు తెఱచును. త్రోసికొని పోవువాడు దానిని బార్లా తెఱచును.

విజ్ఞానమును నంతే. 1796 మే 14వ తేదీన జెన్నరు ఒక పాలగత్తె చేతిపై పొక్కునుండి రసము దీసి యెనిమిదేండ్ల బాలునకు టీకా వేసెను. 1802లో నా టీకా బొంబాయి చేరెను. మన యమ్మవారి జాతరల భయమునకు గారణమైన మసూచికము 1980 నాటికి భూమిపై లేకుండ బోయెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించెను. జెన్నరు పుట్టిన దేశము మనల నేలినదని యెవడైన టీకాను నిరాకరించునా? మంచిని దీసికొందము. ఎవని చేతిలో నున్నదో, ఎవని పేరు విడిచినదో మాత్రము చూచి తీసికొందము.

1949 నవంబరు 26వ తేదీన మనమును నొక కాగితము వ్రాసికొంటిమి. 1950 జనవరి 26న నది యమలులోనికి వచ్చెను. చదువు, ఆస్తి, కులము, స్త్రీపురుష భేదము అడ్డములేక వయస్సు వచ్చిన ప్రతివానికి వోటు నిచ్చినది. అస్పృశ్యతను రద్దు చేసినది. పదునెనిమిదవ శతాబ్దపు కాగితములు విడిచిన పేరులనన్నిటిని జేర్పవలెనని దానిని వ్రాసినవారు యత్నించిరి. కాని నా కక్షిదారుని వంటి వారికి ఆ కాగితము మాటలాడుచున్నదా? దానిలో దమ పేరున్నదని వారికి జదివి చెప్పినవా రెందఱు?

ఈ పఠనాలయమునకు వచ్చి పత్రిక దిరుగవేసి, చుట్ట కాల్చుకొని యింటికి బోవుటతో మన ధర్మము తీఱదు. మీలో నక్షరాస్యుడగు ప్రతివాడును వారమున కొక్క సాయంకాలము, తన వీధిలో నక్షరము రానివాని యొద్ద గూర్చుండి, వానికి సంబంధించిన కాగితము నొక్కదానిని జదివి వినిపించునుగాక. పట్టా కానిండు, రుణపత్రము కానిండు, పంచాయతీ తీర్మానము కానిండు. వ్రేలిముద్ర వేయుటకు ముందు జదువుడు. వేసిన తరువాత జదువుటకు మావంటి న్యాయవాదులు కలరు, కాని అప్పటికి ఆలస్యమగును.